చంపలేని టీ కణమే అసలు ముప్పు

కోవిడ్ వచ్చి వెళ్ళింది గానీ ‘ఇమ్యూనిటీ పెంచుకోండి’ అన్న బోర్డు మాత్రం మందుల షాపు అద్దం మీది నుంచి దిగలేదు. తిప్పతీగ చూర్ణం, జింకు మాత్రలు, కషాయం పొడి అన్నీ ఒకే నమ్మకం మీద అమ్ముడవుతున్నాయి: రోగనిరోధక శక్తి ఎంత ఉంటే అంత మేలని. ఆ నమ్మకం ఎంత డొల్లో తెలియాలంటే వైరస్ సోకిన కణాలను చంపే తెల్ల రక్తకణం, అంటే సీడీ8 టీ కణం, తన పని ఎలా ముగిస్తుందో, ముగించలేకపోతే ఏమవుతుందో చూడాలి.

వైరస్ సోకిన కణాన్ని టీ కణం ఎలా గుర్తుపడుతుందన్నది పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. గుర్తుపట్టాక జరిగేదే ఆసక్తికరం. రెండూ అతుక్కున్న కాసేపట్లోనే టీ కణంలో రవాణా దారులకు కేంద్రమైన సెంట్రోసోమ్ ఆ అతుకు దగ్గరికి జరుగుతుంది. దాని వెంటే పర్ఫోరిన్, గ్రాంజైములు అనే మారణ ప్రొటీన్లను నింపుకున్న రేణువులు వచ్చి చేరతాయి. రేణువు లోపలి ఆమ్లత్వంలో పర్ఫోరిన్ నిద్రాణంగా ఉంటుంది. బయటపడి కాల్షియం తగలగానే ఇరవై దాకా అణువులు వలయంగా కూడి శత్రుకణం పొరకు రంధ్రం వేస్తాయి. ఆ కణమేమీ చేతులు ముడుచుకు కూర్చోదు, రెండు నిమిషాల్లోపే చిల్లు పూడ్చుకుంటుంది. ఈలోగా గ్రాంజైమ్-బి లోపలికి దూరి కణాన్ని లోపలి నుంచి కూల్చే కాస్పేజ్ ఎంజైములను తట్టి లేపుతుంది. కణం తనను తానే కూల్చుకుంటుంది. ఆ కాస్పేజ్‌ల పని మొదలవడమే టీ కణానికి ‘ఇక వదిలెయ్’ అన్న సంకేతం.

పర్ఫోరిన్ లేకపోతే? గ్రాంజైమ్ గుమ్మం బయటే ఆగిపోతుంది. శత్రుకణం చావదు, వదిలెయ్యమన్న కబురు రాదు. 2015లో మెల్‌బోర్న్ పరిశోధకులు కొలిచి చూస్తే, చంపలేని టీ కణం మామూలుకంటే దాదాపు అయిదు రెట్లు ఎక్కువసేపు అతుక్కుని ఉంది. అంతసేపూ ఇంటర్‌ఫెరాన్-గామా వంటి సైటోకైన్లను, అంటే ఇతర రక్షణ కణాలను రెచ్చగొట్టే సంకేత ప్రొటీన్లను, కుమ్మరిస్తూనే ఉంది. వాటికి రెచ్చిపోయిన మాక్రోఫేజ్‌లు (కణాలను మింగే రక్షణ కణాలు) ఎముక మజ్జలో సొంత రక్తకణాలనే మింగుతాయి. ఈ జబ్బు పేరే హెచ్‌ఎల్‌హెచ్ (హీమోఫాగోసైటిక్ లింఫోహిస్టియోసైటోసిస్). పర్ఫోరిన్ జన్యులోపమే దీనికి ఒక మూలమని 1999లోనే తేలింది. అంటే రోగనిరోధక వ్యవస్థకు బ్రేకు కూడా ఆ హత్యలోనే ఉంది. నా వాదనంతా ఇదే.

క్యాన్సర్ వైద్యులు ఇక్కడ అడ్డుపడతారు. టీ కణాల పగ్గాలు విప్పినందుకే కదా 2018 నోబెల్ వచ్చింది, 2023 అక్టోబరులో మన దేశపు సొంత కార్-టీ చికిత్స (రోగి టీ కణాలనే మార్చి క్యాన్సర్ మీదికి వదిలే పద్ధతి) నెక్స్‌కార్19కు అనుమతి దొరికింది అంటారు. నిజమే. కానీ కార్-టీ ఎక్కించే వార్డులో సైటోకైన్ల ఉప్పెనను అణిచే టోసిలిజుమాబ్ మందును ముందే సిద్ధంగా ఎందుకు పెట్టుకుంటారో కూడా వాళ్ళే చెప్పాలి.

హెచ్‌ఎల్‌హెచ్ మన వార్డులకు కొత్త కాదు. డెంగీ, స్క్రబ్ టైఫస్ కూడా దాన్ని రేపగలవు. డెంగీ జ్వరం సాధారణంగా వారంలో దిగిపోతుంది. ఎనిమిదో రోజుకీ దిగక, ప్లీహం పెరిగి, ప్లేట్‌లెట్లతో పాటు హిమోగ్లోబిన్ కూడా పడిపోతుంటే ‘ఇంకా డెంగీయే’ అని ప్లేట్‌లెట్లు ఎక్కిస్తూ కూర్చోవడం పొరపాటు. ఆ రోజే రక్తంలో ఫెర్రిటిన్ (ఇనుమును నిల్వచేసే ప్రొటీన్) చూడాలి. మిల్లీలీటరుకు 500 నానోగ్రాములు దాటడం హెచ్‌ఎల్‌హెచ్‌కు పెట్టిన ఎనిమిది ప్రమాణాల్లో ఒకటి; అయిదు కలిస్తే నిర్ధారణ. అయితే 500 చాలా జబ్బుల్లో దాటుతుంది. పిల్లల్లో 10,000 దాటితే మాత్రం అనుమానం బాగా బలపడుతుంది. ఇంకో గుర్తు: వాపును సూచించే రెండు రక్తపరీక్షల్లో సీఆర్‌పీ ఎక్కువగానే ఉండగా ఈఎస్ఆర్ పడిపోవడం. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఫైబ్రినోజెన్ ఖర్చైపోవడం వల్ల జరిగే ఈ తగ్గుదలను కోలుకుంటున్నారని భ్రమపడేవాళ్ళున్నారు.

చికిత్స చూడండి. స్టెరాయిడ్ అయిన డెక్సామెథసోన్, క్యాన్సర్ మందు ఎటోపొసైడ్. 2018లో అమెరికాలో అనుమతి పొందిన ఎమపలుమాబ్ అయితే నేరుగా ఇంటర్‌ఫెరాన్-గామానే కట్టేస్తుంది. ప్రాణం కాపాడే మందులన్నీ ఇమ్యూనిటీని అణిచేవే! ఈ జబ్బున్న బిడ్డకు ‘బూస్టర్’ సిరప్ రాసిచ్చేవారిని ఏమనాలి? కోవిడ్ కాలంలో తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను ముంబై వైద్యులు ప్రచురిస్తే ఆయుష్ శాఖ కొట్టిపారేసింది. అమ్మకం మాత్రం ఆగలేదు.

వంశపారంపర్య హెచ్‌ఎల్‌హెచ్‌లో ఎక్కువ రకాలకు అమ్మానాన్నలిద్దరి నుంచీ లోపపు జన్యువు రావాలి. మేనరికాలు ఇంకా జరుగుతున్న మన ఇళ్ళలో ఆ అవకాశం ఎక్కువ. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ నాలుగో వంతు ప్రమాదం. ఇదే జబ్బుల కోవకు చెందిన గ్రిసెల్లి టైప్-2 అనే జన్యులోపంలో పసిబిడ్డ జుట్టు వెండి రంగులో మెరుస్తుంది. ఒక్క వెంట్రుకను సూక్ష్మదర్శిని కింద పెడితే రంగు సమంగా పరచుకోక ముద్దలుగా కనిపిస్తుంది. వెంట్రుకకు రంగునిచ్చే రేణువుల్నీ, టీ కణంలోని మారణ రేణువుల్నీ గమ్యానికి చేర్చేది ఒకే ప్రొటీన్, రాబ్27ఏ. అది లేకే రెండూ దారిలో ఆగిపోతాయి. ‘ముద్దుగా ఉంది’ అని మురిసిపోయే జుట్టు, తగ్గని జ్వరం ఒకే బిడ్డలో కనిపిస్తే జన్యు పరీక్షకు పంపాలి. శాశ్వత చికిత్స మజ్జ మార్పిడే. దాతగా తోబుట్టువును ఎంచుకునేటప్పుడు హెచ్‌ఎల్‌ఏ (మార్పిడికి సరిపోల్చే కణజాల గుర్తులు) కలిసిందని ఊరుకోకూడదు. ఇంకా జ్వరం కూడా చూడని ఆ తమ్ముడిలోనో చెల్లెలిలోనో అదే లోపం జంటగా ఉందేమో ముందు చూడాలి.