మంచం కింద మూడోవాడు

జాతి ముందున్న సమస్యల్లో ఎవరూ పట్టించుకోనిది ఒకటుంది. తెలుగు సినిమాలో ఇద్దరు మనుషులు ఒక గదిలో, మూడో మనిషి లేకుండా, మూడు నిమిషాలు పోట్లాడుకోవడం కనబడటం లేదు. ఊరికే అంటున్న మాట కాదిది. నెల రోజులు రాత్రిళ్ళు కూర్చుని వెతికాను. కళ్ళు వాచాయి, ఇంట్లో పలకరించడం మానేశారు, దృశ్యం మాత్రం దొరకలేదు.

ఎందుకు వెతికానో చెప్పాలి. తిరుపతిలో ఒక మేడ మీద, రేకుల కింద, సాయంత్రం పూట పదకొండు మందికి నటన నేర్పుతున్నాను. కింద టిఫిన్ అంగడి. దోసె పెనం మీద నీళ్ళు చల్లినప్పుడల్లా ఆ చప్పుడు మా విషాద ఘట్టాల్లోకి వస్తుంది. కొండకొచ్చేవాళ్ళు గుండు కొట్టించుకునే ఊళ్ళో నటన ఏమిటని నవ్వేవాళ్ళకు ఒక్క మాట. చిత్తూరు నాగయ్య పుట్టింది గుంటూరు జిల్లాలో. చిత్తూరులో నాటకాలాడి పేరు తెచ్చుకున్నాడు కాబట్టి ఆ ఊరు పేరు ముందుకొచ్చి కూర్చుంది. మా పిల్లల పేర్ల ముందు తిరుపతి ఎప్పటికైనా చేరకపోతుందా అని నా ఆశ. ప్రస్తుతానికి పేర్ల పక్కన చేరింది ఫీజు బాకీ.

తరగతికి దృశ్యం ఎంచడంలో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఇద్దరే ఉండాలి. పేజీకి నిమిషం లెక్కన రెండు మూడు పేజీలు దాటకూడదు. వాన, గుర్రం, రైలు ఉండకూడదు. మా దగ్గరున్నవి మూడు ప్లాస్టిక్ కుర్చీలు, వాటిలో ఒకటి చూడటానికే. మాటలు ఇద్దరికీ ఇంచుమించు సమానంగా రావాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఒకరికి ఏదో కావాలి, రెండోవారు అది ఇవ్వకూడదు. 1898లో మాస్కో ఆర్ట్ థియేటర్ పెట్టినవాళ్ళలో ఒకరైన స్తానిస్లావ్‌స్కీ లావుపాటి పుస్తకాల్లో చెప్పింది కూడా అటూ ఇటుగా ఇదే. ఈ ఘట్టంలో ఈ మనిషికి ఏం కావాలో ముందు తేల్చుకోమన్నాడాయన. మా పిల్లల్ని అదే ప్రశ్న అడిగాను. పదకొండు మందిలో తొమ్మిది మంది "ఎంట్రీ కావాలి సార్" అన్నారు.

మొదటి వారం ఎవరి దృశ్యం వాళ్ళనే తెచ్చుకోమన్నాను. ఒక పిల్లవాడు తెచ్చినదాంట్లో హీరోకు ముప్ఫై రెండు డైలాగులు, విలన్‌కు రెండు. మొదటిది "ఎవడ్రా నువ్వు", రెండోది "ఆ". ఆ రెండోది కూడా గోడకు తగిలినప్పుడు వచ్చేది. ఇది ఇద్దరి దృశ్యం ఎట్లా అవుతుందని అడిగితే, "ఉండేది ఇద్దరే కదా సార్" అన్నాడు. లెక్కకు నిజమే. ఎదురుగా స్తంభాన్ని నిలబెట్టినా ఇద్దరే. విలన్ వేషానికి ఒక్కరూ లేవలేదు. చివరికి ఫీజు బాకీ ఎక్కువున్న వాణ్ణి లేపి గోడ దగ్గర నిలబెట్టాను.

హీరో నడిచి వస్తున్నాడు. వెనక నుంచి వాడి స్నేహితుడు నోటితో ఢమఢమా వాయించడం మొదలుపెట్టాడు. ఆపరా అన్నాను. వాడు ఆపాడు, వీడు ఆగిపోయాడు. కాళ్ళు కదల్లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల కోసం తడుముకున్నాడు. ఆ రోజు ట్రాక్ ప్యాంటులో వచ్చాడు, జేబుల్లేవు. అప్పుడు తెలిసింది నాకు, ఆ దృశ్యంలో ఉన్నది ఇద్దరు కాదని. మూడోవాడు సంగీత దర్శకుడు. నటన ఆయన చేస్తుంటే మిగతా ఇద్దరూ నిలబడి ఉంటారు.

అప్పట్నుంచి నాకు మూడోవాళ్ళే కనబడుతున్నారు. భార్యాభర్తలు పోట్లాడుకునే ఘట్టం దొరికిందని సంబరపడతానా, మేడ మెట్ల మీద పద్నాలుగు మంది బంధువులు ఫోటోకు నిలబడ్డట్టు నిలబడి ఉంటారు. తండ్రీకొడుకుల ఘట్టమైతే గోడ మీద దండ వేసిన ఫోటోలోంచి తల్లి చూస్తుంటుంది, ఇద్దరూ మాట్లాడేది ఆమెతోనే. ప్రేమికులైతే సరేసరి, ఎక్కణ్ణుంచో హీరో స్నేహితుడు వచ్చి ఒక జోకు వేసిపోతాడు. ఈ మధ్య ఆ పని ఫోను చేస్తోంది.

ఇంతలో ఒక పిల్ల తల్లి మెట్లెక్కి వచ్చింది. "ఇంట్లో జరిగే గొడవలు చాలకనా సార్, ఫీజు కట్టించుకోని మళ్ళా నేర్పిస్తా ఉండారు?" అంది. ఇంట్లో గొడవకూ కళలో సంఘర్షణకూ ఉన్న తేడా వివరించాను. ఇక్కడ ఇద్దరే ఉంటారమ్మా, మధ్యలో మీ అత్తగారు రారు అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "ఆమె రాకుంటే ఇంగ గొడవ యాడిది సార్" అని దిగిపోయింది. నాటకశాస్త్రం మీద ఇంత పొట్టి విమర్శ నేనింతవరకూ వినలేదు.

పాతవాటి దగ్గరికి పోయాను. గురజాడ 1897లో అచ్చువేసి, 1909లో దాదాపు కొత్తగా తిరగరాసిన కన్యాశుల్కం ఉండనే ఉంది. 1955లో సినిమా కూడా అయింది. రామారావు గిరీశం, సావిత్రి మధురవాణి. ఆ ఇద్దరి ఘట్టం తీసుకున్నాను. అతనికి పరువుగా జారుకోవాలి. ఆమెకు అతని కోతలన్నీ కొట్టినపిండి. మాటకు మాట, అచ్చు నాక్కావలసిన కొలత. జిరాక్సు తీయించే ముందు మిగతాది కూడా చదువుదామని పేజీ తిప్పాను. మంచం కింద రామప్పంతులు! ఇంకాసేపటికి పూటకూళ్ళమ్మ చీపురుతో దిగింది, గిరీశం కూడా మంచం కిందికే దూరాడు, పడాల్సిన దెబ్బ కాస్తా పంతులు మీద పడింది. తెలుగువాళ్ళ గదిలో ఇద్దరే ఉన్నారంటే నమ్మొద్దని గురజాడ ఆనాడే చెప్పిపెట్టాడు. ఇప్పుడు నేను ఏ సినిమాలో మంచం కనబడినా ముందు కిందికి చూస్తున్నాను.

పోనీ పురాణాల్లో లేదా? మా చిత్తూరు వైపు పల్లెల్లో ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. రాయబారం కన్నా సంఘర్షణ ఇంకెక్కడుంది? అడిగేవాడికి ఐదూళ్ళు చాలు, ఇచ్చేవాడు సూదిమొన మోపినంత కూడా ఇవ్వడు. పద్యాలకైతే తిరుపతి వేంకట కవులున్నారు. (పేరులో మా ఊరుంది గానీ వాళ్ళు గోదావరి వైపు వాళ్ళు. చిత్తూరు నాగయ్య లెక్కే ఇదీ. మా ఊళ్ళ పేర్లు ఎప్పుడూ బయటివాళ్ళకే అచ్చొస్తాయి.) కానీ ఆ పద్యం పాడేది నిండు సభలో. నూరుగురు అన్నదమ్ములకు నా దగ్గర కుర్చీలు లేవు. చివరి రోజు దుర్యోధన వధ చూశాను. మైదానంలో మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడు పడుకుని ఉంటాడు, చుట్టూ భీముడూ దుర్యోధనుడూ గదలతో తిరుగుతారు. ఇద్దరే! పైగా ఒకడికి కావలసింది రెండోవాడి ప్రాణం. గుండె ఝల్లుమంది. సరిగ్గా అప్పుడే కృష్ణుడు పక్కన నిలబడి తొడ చూపించాడు.

మా ఊరి గంగమ్మ జాతర కథలో నాకు కొంత దారి దొరికింది. ఆడవాళ్ళను వేధించిన పాలెగాడు గంగమ్మకు భయపడి దాక్కున్నాడు. గంగమ్మ రోజుకొక వేషం వేసి వెతికింది. చివరికి దొర వేషం కట్టేసరికి, తన దొరే వచ్చాడనుకుని వాడు బయటికొచ్చాడు. వాడు బయటపడ్డ ఆ క్షణం చూడండి. ఆమె తనకేం కావాలో దాచి నటించాలి, అతను నమ్మాలి, చూసేవాళ్ళకు రెండూ తెలియాలి. స్తానిస్లావ్‌స్కీ మే నెలలో ఒకసారి ఈ జాతర జరిగే తాతయ్యగుంటకు వచ్చి ఉంటే రెండు పుస్తకాలు తక్కువ రాసేవాడు. మా వాళ్ళకు వేషం కొత్త కూడా కాదు. జాతరలో చీర కట్టి, పూలు పెట్టుకుని, మీసంతోనే ఊరంతా తిరిగిన పిల్లవాడు నా తరగతిలో ఉన్నాడు. వేషం మీద ఉండి నడివీధిలో పెద్దవాళ్ళను కూడా బూతులు తిట్టాడు, ఆచారం కాబట్టి వాళ్ళు దండం పెట్టారు. వాణ్ణే దొర పాత్రకు లేపి, ఎదురుగా ఉన్నమ్మాయి కళ్ళలోకి చూస్తూ "నన్ను నమ్ము, బయటికి రా" అనమంటే, చెమటలు పట్టి గోడ వైపు తిరిగాడు. "టెన్షన్ సార్. జనం ఉంటేనే వస్తుంది" అన్నాడు.

ఇక సినిమాలూ పురాణాలూ వదిలి, నోటుబుక్కు పట్టుకుని ఊరి మీద పడ్డాను. బస్టాండు బయట ఆటో అన్నకూ ఒక యాత్రికుడికీ బేరం తెగక గొడవ. ఇద్దరూ మంచి ఊపులో ఉన్నారు. నేను పెన్ను మూత తీసేలోపు చెరుకు రసం బండి అతను వచ్చి "పోనీలేప్పా, సామి దర్శనానికి వచ్చినోళ్ళు" అన్నాడు, అంతే, చల్లారిపోయింది. కొండ మీద క్యూలో ఇంకా బాగా మొదలైంది. "మా వాళ్ళు ముందున్నారు, కొంచెం దారివ్వండి" అని ఒకాయన, "మా వాళ్ళూ ముందే ఉన్నారు, అందుకే నిలబడ్డాం" అని ఇంకొకాయన. ఒకరి లక్ష్యం, ఇంకొకరి అడ్డు, ఒక్కొక్క వాక్యంలో! రెండో వాక్యం అయ్యేలోపు వెనక నుంచి "గోవిందా" అని కేక వచ్చింది. తిట్టుకుంటున్న ఇద్దరూ చేతులెత్తి "గోవిందా" అన్నారు. దించేసరికి ఎక్కడ ఆపారో ఇద్దరికీ గుర్తు లేదు.

ఓడిపోయి శుక్రవారం తరగతికి వచ్చాను. పిల్లలు నేల మీద కూర్చుని ఉన్నారు. ఇవాళ దృశ్యం లేదు, ఊపిరి వ్యాయామం అని చెప్తుండగా మేడ ఓనరు మెట్లెక్కి వచ్చాడు.

"రెండు నెలలాయె," అన్నాడు.

"ఆదివారం ఇస్తానన్నా."

"పోయిన ఆదివారం కూడా ఆదివారమే కదా."

"రేకులు కారతా ఉండాయని నాలుగుసార్లు చెప్తి. మీరు చూసినారా?"

"బాడిగ ఇచ్చినోడికి రేకులు. ఇయ్యనోడికి ఆకాశం."

అక్కణ్ణుంచి మేమిద్దరం ఏమేమి అనుకున్నామో నాకు వరసగా గుర్తు లేదు. గొంతు పెరిగింది, తగ్గింది, ఒక దశలో ఇద్దరం గొంతు తగ్గించి మాట్లాడాం, అది ఇంకా భయంగా ఉండింది. ఆయన ఆ పనికిరాని కుర్చీలో కూర్చోబోయి, చూసుకుని లేచాడు. నేను నవ్వలేదు. ఎవరో ఒకరు లేచి "పోనీలే అన్నా" అంటారని చూశాను. పదకొండు మందిలో ఒక్కరూ కదల్లేదు. టిఫిన్ అంగడి అతను కూడా ఆ రోజు సెలవు. చివరికి ఒక నెల బాడిగ ఫోనులో కొట్టాను, డబ్బు పడిన చప్పుడు విని ఆయన దిగిపోయాడు.

వెనక్కి తిరిగితే పిల్లలు నోటుబుక్కుల్లో రాసుకుంటున్నారు. రెండు నిమిషాల యాభై సెకన్లట. మాటలు ఆయనకు పందొమ్మిది, నాకు పదిహేడట. వచ్చే వారం ఇదే చేస్తామన్నారు. నేనూ ఒప్పుకున్నాను, పాత్రలు ఎవరెవరికి అని అడిగాను. పదకొండు మందికీ ఓనరు వేషమే కావాలట.