మాత్ర సరిచేయలేని అలవాట్లు

1998 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సిల్డెనాఫిల్‌కు అనుమతి ఇచ్చి, అది వయాగ్రా పేరుతో దుకాణాలకు చేరిన నాటి నుంచి, మగవారి లైంగిక సమస్య అంటే రక్తనాళాల వ్యవహారమేనన్న అభిప్రాయం బాగా పాతుకుపోయింది. అందులో నిజం లేకపోలేదు. ఉద్రేకం కలిగినప్పుడు అంగంలోని నాడుల కొసల నుంచి నైట్రిక్ ఆక్సైడ్ విడుదలవుతుంది, అక్కడి కండరాలు సడలుతాయి, రక్తం వచ్చి నిండుతుంది. ఆ సడలింపు ఇట్టే పోకుండా మాత్ర కాపు కాస్తుంది. అయితే ఆ మాత్ర ఉద్రేకాన్ని పుట్టించదు. మెదడు నుంచి కబురు రాకపోతే అది చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ఆ కబురు ఎప్పుడు రావాలో, దేనికి రావాలో, ఎంత త్వరగా రావాలో చాలావరకు నిర్ణయించేది, మనిషి తనకు తెలియకుండానే ఏళ్ల తరబడి ఒంటికి నేర్పిన అలవాటు.

ఈ నేర్పు ఎలా సాగుతుందో హస్తప్రయోగం విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. ముందే ఒక మాట చెప్పుకోవాలి: హస్తప్రయోగం వల్ల నరాలు బలహీనపడతాయనీ, వీర్యం పోతే సత్తువ పోతుందనీ చెప్పే మాటలకు వైద్యంలో ఆధారం లేదు. 18వ శతాబ్దంలో స్విట్జర్లాండ్ వైద్యుడు టిస్సో లాంటివారు శాస్త్రం పేరుతో పెంచి పోషించిన ఆ భయం, ఆ పని కంటే ఎన్నో రెట్లు ఎక్కువ హాని చేసింది. ఆలోచించాల్సింది చేయడమా మానడమా అన్నది కాదు, ఏ తీరులో చేయడం అలవాటైందన్నది. కొందరికి చేతి పట్టు మరీ బిగువుగా ఉంటుంది. కొందరు బోర్లా పడుకుని పరుపుకేసి ఒత్తుకోవడానికి అలవాటు పడతారు. ఈ రెండో తీరు గురించి లారెన్స్ శాంక్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1998లోనే, అంటే వయాగ్రా వచ్చిన ఏడాదే, ఒక వైద్య పత్రికలో రాశారు. అంత ఒత్తిడికి, అదే వేగానికి, అదే భంగిమకు అలవాటు పడిన శరీరానికి భాగస్వామి స్పర్శ చాలినంతగా అనిపించదు. స్తంభన తగ్గిపోవడమో, ఎంతసేపటికీ స్ఖలనం కాకపోవడమో జరుగుతుంది. ఆమె తనలో ఆకర్షణ తగ్గిందేమోనని బాధపడుతుంది, అతడు తనకు జబ్బు చేసిందేమోనని బెంగ పడతాడు. నిజానికి అతని శరీరం తనకు వచ్చిన ఒక్క పాఠాన్నే అప్పజెబుతోంది.

శీఘ్రస్ఖలనం గురించి కూడా ఇలాంటి వాదనే ఒకటి ఉంది. తనకంటూ గది లేని యువకుడు గడియ పెట్టుకుని, కుళాయి విప్పి, బయట అడుగుల చప్పుడుకు చెవి ఒగ్గి, ఎంత త్వరగా ముగిస్తే అంత మంచిదన్నట్టు ఏళ్లు గడిపితే, ఆ తొందరే శరీరానికి స్వభావమైపోతుందని 1970 ప్రాంతపు చికిత్సకులు నమ్మారు. వినడానికి సబబుగానే ఉన్నా, మొదటి నుంచీ ఈ ఇబ్బంది ఉన్నవారిలో నాడీ వ్యవస్థ స్వభావం పాత్ర కూడా ఉందన్నది తరువాత తేలిన విషయం కనుక, నేను ఈ వాదనకు సగం మార్కులే వేస్తాను. అంతకంటే బలంగా పనిచేసే అలవాటు మరొకటి ఉంది: కొలమానాన్ని ఎక్కడి నుంచో అరువు తెచ్చుకోవడం. 2005లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఐదు దేశాల జంటలు స్టాప్‌వాచ్ పెట్టుకుని కొలిస్తే, సంభోగం మొదలైనప్పటి నుంచి స్ఖలనం దాకా పట్టే మధ్యస్థ సమయం 5.4 నిమిషాలుగా తేలింది. తెర మీది దృశ్యాలను చూసి అరగంటే మామూలనుకున్నవాడు, ఆరో నిమిషంలో తనను తాను రోగిగా నిర్ధారించుకుంటాడు.

అన్నిటికంటే మొండి అలవాటు తనను తాను కనిపెట్టుకుని చూసుకోవడం. అలసటతోనో, మద్యం ఎక్కువయ్యో ఒకరోజు స్తంభన నిలవదు, ఎవరికైనా జరిగేదే. మరుసటిసారి అతని ధ్యాస పక్కనున్న మనిషి మీద ఉండదు. గట్టిగా ఉందా, తగ్గుతోందా, ఆమె గమనించిందా అని లోపల ఒక కాపలాదారు మేలుకుని లెక్క చూస్తుంటాడు. లైంగిక సమస్యలపై పరిశోధించిన అమెరికన్ జంట మాస్టర్స్, జాన్సన్ దీన్ని ప్రేక్షక పాత్ర అన్నారు. భయం వేసినప్పుడు విడుదలయ్యే అడ్రినలిన్ రక్తనాళాలను బిగిస్తుంది, అంగానికి కావలసింది సడలింపు. కాబట్టి భయపడినదే జరుగుతుంది, జరిగింది కాబట్టి భయం రెట్టిస్తుంది. నాలుగైదుసార్లు ఇలా అయ్యాక పడకగది తలుపు చూస్తేనే ఒళ్లు బిగుసుకుంటుంది. తరువాత ఆలస్యంగా పడుకోవడం, ఏదో పని కల్పించుకోవడం, చిన్న మాటకు పోట్లాడి అటు తిరిగి పడుకోవడం మొదలవుతాయి. తప్పించుకున్న ప్రతి రాత్రీ కాస్త ఊరటనిస్తుంది, ఆ ఊరటే తప్పించుకునే అలవాటును పెంచుతుంది. ఇలాంటి మనిషికి నిద్రలోనూ తెల్లవారుజామునా స్తంభన మామూలుగానే వస్తుంటే, యంత్రాంగం చెడలేదనడానికి అది మంచి సూచన.

పోర్న్ మీద నెపం వేయడం ఇప్పుడు వాడుకైంది. నిత్యం కొత్త దృశ్యానికే స్పందించడం నేర్చుకున్న మెదడు ఎదుటి మనిషి దగ్గర మందగించవచ్చన్న అనుమానం సహేతుకమే కానీ, పరిశోధనలు ఒకే మాట చెప్పడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణ జాబితా ఐసీడీ-11లో అదుపు తప్పిన లైంగిక ప్రవర్తనను ఒక రుగ్మతగా గుర్తించింది, అయితే దాన్ని వ్యసనాల వరుసలో చేర్చలేదు. కేవలం తప్పు చేస్తున్నానన్న నైతిక వేదన ఒక్కటే ఆ నిర్ధారణకు చాలదని కూడా స్పష్టం చేసింది. చూసినందుకు సిగ్గుపడటం వేరు, చూడకుండా ఉండలేకపోవడం వేరు.

అన్నీ మనసులోనే ఉన్నాయని చెప్పడం మరో రకం పొరపాటు. అంగానికి రక్తం తెచ్చే ధమనులు గుండె ధమనుల కంటే సన్నవి కావడంతో పొగ, మధుమేహం, రక్తపోటు చేసే నష్టం గుండె కంటే ముందు ఇక్కడ బయటపడవచ్చు. ఇటలీలో స్థూలకాయులైన పురుషులపై జరిగి 2004లో వెలువడిన అధ్యయనంలో, తిండీ వ్యాయామం మార్చుకున్నవారిలో సుమారు మూడో వంతు మంది రెండేళ్లలో లైంగిక సామర్థ్యాన్ని తిరిగి పొందారు. కాబట్టి అలవాటు మీద తీర్పు చెప్పే ముందు చక్కెర, రక్తపోటు చూపించుకోవాలి.

నేర్చుకున్నది మరవడానికి పట్టుదల పనికిరాదు; ఈ విషయంలో పట్టుదల కూడా ఒక రకం ఆందోళనే. పనికొచ్చేది కొత్త సాధన. 1956లో జేమ్స్ సీమన్స్ అనే వైద్యుడు చెప్పిన ఆపి, మళ్లీ మొదలుపెట్టే పద్ధతి అలాంటిదే: ఉద్రేకం అంచుకు చేరేలోపు ఆగి, తగ్గాక మళ్లీ మొదలుపెడుతూ ఆ అంచు ఎక్కడుందో ఒంటికి తెలియజెప్పడం. బిగువు పట్టుకు అలవాటు పడినవారు పట్టు సడలించి, తీరు మార్చి, కొన్ని వారాల పాటు ఓపిక పట్టాల్సి ఉంటుంది. ప్రేక్షక పాత్రలో చిక్కుకున్నవారికి మాస్టర్స్, జాన్సన్ సూచించిన స్పర్శ సాధనలో మొదటి నియమం వింతగా తోస్తుంది: ఇద్దరూ ఒకరినొకరు తాకవచ్చు గానీ, చికిత్సకులు చెప్పేవరకు సంభోగం నిషిద్ధం. పరీక్షే లేనప్పుడు తప్పడమన్న మాట ఉండదు గనుక, లోపలి కాపలాదారుకు చేయడానికి పని ఉండదు. నియమం తప్పామని తలవంచుకుని, ముసిముసిగా నవ్వుతూ వచ్చి చెప్పే జంటలు ఈ చికిత్స చేసేవారికి కొత్త కాదు.