వైన్ లేని ‘వైన్స్’ బోర్డుకి ఒక విన్నపం

మహారాజశ్రీ ‘వైన్స్’ బోర్డు గారికి,

విశాఖపట్నం నుంచి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేం క్షేమం. మీరు క్షేమమేనని మీ ముందు సాయంత్రం ఆరింటికి కట్టిన క్యూ చూస్తేనే తెలుస్తోంది.

మద్దిలపాలెం నుంచి గాజువాక దాకా ఏ మలుపులో చూసినా మీ దర్శనమే. దారి చెప్పడానికి గుడికన్నా మీరే ఎక్కువ పనికొస్తున్నారు. ‘వైన్స్ పక్క సందు’ అంటే ఆటో అబ్బాయి రెండో మాట అడగడు. ఇంతటి మీకు ఉత్తరం రాయడానికి నాకున్న అర్హత ఒక్కటే. మీ మీద రాసి ఉన్న మాట నమ్మి, లోపలికొచ్చి వైన్ అడిగాను.

జాలీ వెనక కుర్రాడు నన్ను పైనుంచి కిందదాకా చూశాడు.

“వైనాండీ? క్రిస్మస్ కేకులోకా సార్?”

అది ఏప్రిల్ నెల. కాదన్నాను.

“మరేటి, ఒంట్లో రక్తం పట్టడానికా?”

అదీ కాదు బాబూ, తాగడానికే అన్నాను. అతని మొహంలో జాలి కనిపించింది. “నేదండి. క్వార్టరు ఇమ్మంటారా?”

నేతిబీరకాయలో నెయ్యి ఉండదని మా అమ్మమ్మ చిన్నప్పుడే చెప్పింది. ద్రాక్షారామంలో ద్రాక్షతోటలు లేవని పెద్దయ్యాక నేనే వెళ్లి చూసొచ్చాను. అయినా మీ దగ్గర మోసపోయాను. తప్పు నాదే. ఒక్క మాట మాత్రం అడగాలి. 2019 అక్టోబరు నుంచి ఐదేళ్లు ప్రభుత్వమే అమ్మినప్పుడు ‘ప్రభుత్వ మద్యం దుకాణం’ అని రాసుకున్నారు. అందం లేకపోయినా అబద్ధం లేదు. 2024 అక్టోబరులో ప్రైవేటు షాపులు తిరిగొచ్చాయి, వాటితోపాటు మీరూ మళ్లీ ‘వైన్స్’ అయిపోయారు. పైగా బహువచనం! ఒక్కటే దొరకనిచోట ‘స్’ ఎందుకండీ?

ఇంతకీ నాకు వైన్‌తో ఏం పని అంటారా? మా వీధిలో నలుగురం ఉన్నాం. నేను, స్టీల్ ప్లాంట్‌లో చేసే మా బావ, ఫార్మసీ లెక్చరర్ గారు, పోర్టులో రిటైరైన బాబాయ్. ఆదివారాలు పేకాట విసుగొచ్చి కొత్త పిచ్చి పట్టుకున్నాం. ఒకే ప్రాంతం వైన్లు నాలుగైదు పక్కపక్కన పెట్టి, కొంచెం కొంచెం తాగి పోల్చి చూడాలని. ఎందుకు ఒకే ప్రాంతం అంటే, బంగినపల్లినీ సువర్ణరేఖనీ పక్కన పెడితే రెండు వేరని చిన్నపిల్లాడైనా చెబుతాడు. నూజివీడులోనే రెండు తోటల బంగినపల్లి తెచ్చి తింటే అప్పుడు తెలుస్తుంది నేల ఎలాంటిది, తోట చూసుకునేవాడు ఎలాంటివాడు అని. కవిత్వానికి ద్రాక్షాపాకం అని పేరు పెట్టుకున్న జాతి కదా మనది. అసలు ద్రాక్షకి ఆపాటి మర్యాద చేయకపోతే ఎలా?

ప్రాంతం ఎంచుకోవడానికి అట్టే ఆలోచించలేదు. నాశిక్. త్ర్యంబకేశ్వరంలో గోదావరి పుట్టింది ఆ జిల్లాలోనే. ఆ గోదావరి నీళ్లు ఏలేరు కాలువ పట్టుకుని మా ఊరిదాకా వస్తున్నాయి. ఆ ఒడ్డున పిండిన ద్రాక్షరసం మాత్రం మీ గుమ్మం దాటి రాలేకపోవడం మీ ఘనతే.

నాశిక్ సుమారు ఆరువందల మీటర్ల ఎత్తున ఉంటుంది. పగలు ఎండ, చలికాలం రాత్రుళ్లు గజగజ. యూరప్‌లో ద్రాక్ష కోత సెప్టెంబరు, అక్టోబరుల్లో. మనకి అప్పటికింకా వానల తడి ఆరదు. అందుకని అక్కడి రైతులు తీగని ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. వేసవిలో ఒకసారి కొమ్మ కోసం, వానలు వెళ్లాక ఒకసారి కాయ కోసం. పండు జనవరి నుంచి మార్చిలోపు కోస్తారు. ఆ పండు మనం పూర్ణా మార్కెట్లో కొనే గింజలేని ద్రాక్ష కాదు. చిన్న కాయ, మందం తోలు, లోపల గింజలు. తినడానికి పనికిరాదు గానీ రుచంతా ఆ తోలులోనే ఉంది. నాశిక్‌లో వైన్ చేసే సూలా కంపెనీ వాళ్ల మొదటి వైన్ 2000లో వచ్చింది. అంటే మా బావ పెళ్లికన్నా నాలుగేళ్లు పెద్దది. రెండూ ఎలా ముదిరాయో పోల్చే ధైర్యం మాత్రం మాలో ఎవరికీ లేదు.

వేట మొదలైంది. నెలన్నర పట్టింది. ఒక షాపులో చెనిన్ బ్లాంక్, ఇంకోచోట సోవిన్యాన్ బ్లాంక్, రెండూ తెల్ల వైన్లు. ఊరి ఆ చివర ఒక దిండోరి షిరాజ్, అది ఎర్ర వైన్. దిండోరి నాశిక్ జిల్లాలోనే ఒక తాలూకా. మా బావ ఉత్సాహంగా ఫ్రాటెల్లి అనే కంపెనీ సీసా తెచ్చాడు. అది అక్లూజ్‌ది, సోలాపూర్ జిల్లా. “మహారాష్ట్రే కదా బావా!” అన్నాడు. కుదరదన్నాం. లెక్చరర్ గారు గంటసేపు వాదించి దాన్ని పోటీలోంచి తప్పించారు. తప్పించిన సీసాయే అందరికన్నా ముందు ఖాళీ అయింది. ఆ సంగతి ఆయన రికార్డులో రాయలేదు.

పోర్టు బాబాయ్ పోర్ట్ వైన్ పట్టుకొచ్చారు. “ముప్పై ఏళ్లు పోర్టులో చేశాన్రా, నాకు చెబుతారా?” అన్నారు. ఆ పోర్ట్ అసలు ఊరు పోర్చుగల్ అని, పులిసేటప్పుడు మధ్యలో బ్రాందీ పోసి ఆపేస్తారని లెక్చరర్ గారు వివరించారు. బ్రాందీ అన్న మాట దగ్గరే బాబాయ్ మొహం వెలిగింది.

సీసాలకి పేపరు చుట్టి నంబర్లు వేశాం. వైన్‌కి పేరున్న ఫ్రాన్స్ ఊరు బోర్డోలో 2001లో జరిగిన ఒక ప్రయోగం గురించి లెక్చరర్ గారు ముందే భయపెట్టారు. వైన్ శాస్త్రం చదివే 54 మంది విద్యార్థులకి తెల్ల వైన్‌లో ఎర్ర రంగు కలిపి ఇస్తే, వాళ్లు ఎర్ర వైన్‌కి వాడే మాటలతోనే దాన్ని వర్ణించారట. చదువుకున్నవాళ్ల గతే అది. మా ముందు రొయ్యల వేపుడు ఉంది, పైన ఫ్యాను తిరుగుతోంది, బయట చెమట. వైన్ పుస్తకాలు ఎర్ర వైన్‌ని గది ఉష్ణోగ్రతలో తాగమంటాయి. ఆ గది పదహారు, పద్దెనిమిది డిగ్రీల గది. మా ఎంవీపీ కాలనీ గది కాదు.

పేపరు చుట్టకముందు చదివిన చీటీ మీద, వచ్చే వాసనల్లో గూస్‌బెర్రీ అని ఉంటే బావ ఉసిరికాయ కోసం గ్లాసంతా వెతికాడు. అది మన ఉసిరి కాదని చెప్పినా వినలేదు. ఇంకో సీసా చీటీ మీద పచ్చి క్యాప్సికం అని రాశారు. నాకు అప్పుడే తుంచిన బెండకాయ వాసన వచ్చింది. నేను దాన్నే నమ్ముతాను. షిరాజ్ దగ్గర ‘టానిన్’ అనగానే అందరూ గంభీరంగా మొహాలు పెట్టారు. తరవాత అర్థమైంది, అది వగరు! జామపిందె కొరికితే నాలుక మీద పట్టేసేది. ఆ సంగతి చెప్పేసరికి టానిన్ మీద భయం పోయింది. ఆ తరవాత బావ మూడు సీసాల్లో వగరు కొలిచాడు, వాటిల్లో ఒకటి పెప్సీ.

అసలు విషయానికి వస్తున్నాను బోర్డు గారూ. దిండోరి షిరాజ్ ఒకటి చాలదని ఇంకో షాపులో రెండోది కొన్నాం. అదే పేరు, అదే ఏడాది. ఓక్ పీపాలో నిలవ ఉన్న అదే సరుకు. పేపర్లు చుట్టి ఉండటంతో రెండూ ఒకటేనని తాగేవాళ్లకి తెలియదు. ఒకదాంట్లో నేరేడుపండు, మిరియం. రెండోది ఉడకబెట్టిన ఎండుద్రాక్ష, దాని వెనక మాడిన వాసన. ముగ్గురం రెండూ వేరే తోటలని, మట్టి వేరని, ఒకటి కొండ మీదిది, ఒకటి పల్లంలోదని పావుగంట చర్చించాం. బాబాయ్ మాత్రం గ్లాసు ఒకసారి వాసన చూసి దూరంగా పెట్టేశారు.

“ఇది ఎండలో ఉన్న సరుకురా. గోడౌన్లో ఇలాంటివి ఎన్ని చూళ్లేదు.”

పేపరు విప్పి చూస్తే అంతే. ఒక సీసా ఊరి చివరి షాపు లోపలి అరలో, ఏసీ కింద ఉన్నది. రెండోది, మీ కుర్రాడు లేదన్నా, మీ కిందే, పడమటి ఎండ పడే అద్దం వెనక, అలంకారానికి నిలబెట్టింది. ముప్పై డిగ్రీలు దాటిన చోట వైన్ వారాల తరబడి ఉంటే ఉడికిపోతుంది. అది ఏ నెల నుంచి నిలబడి ఉందో మీకే తెలియాలి.

బోర్డో వాళ్లకి నది ఎడమ గట్టు, కుడి గట్టు అని భేదం. 1855లో తోటలకి తరగతులు కట్టి ఇప్పటికీ పట్టుకుని వేలాడుతున్నారు. మాకు మాత్రం అద్దం వెనకది, ఏసీ కిందది. నాశిక్ మట్టిని పోల్చుదామని కూర్చుని, చివరికి షాపుల అరలని పోల్చి లేచాం. లెక్చరర్ గారు ఊళ్లో షాపులన్నిటికీ తరగతులు కట్టి పట్టిక తయారు చేశారు. మీరు ఏ తరగతో ఇక్కడ రాయను, మీ ముందు రోజూ నిలబడాల్సినవాణ్ణి.

పేరు మార్చుకోమని అడగను. ఇన్నేళ్లుగా దారి చెబుతున్నారు, ఇప్పుడు మారిస్తే ఆటో అబ్బాయిలు దారి తప్పుతారు. ఆ అద్దం వెనక సీసాని రెండు అడుగులు లోపలికి జరపండి. అలంకారానికి కావాలంటే ఖాళీ సీసా నేనే తెచ్చిస్తాను, మా ఇంట్లో చాలా ఉన్నాయి.

ఇట్లు,
కేకు చేయడం రాని మీ ఖాతాదారుడు

తా.క.: నిన్న మీ కుర్రాడు రోడ్డవతల నుంచే కేకేశాడు, “సార్, మీ రక్తం మందొచ్చిందండీ!” అని. పక్కనే మా ఆవిడ ఉంది.