చీటీ మీద బతికే ఫైర్‌వాల్

"నెట్‌వర్క్ పెట్టెల్లో డేంజర్ సెట్టింగులు స్క్రీన్‌లో ఎందుకన్నా? తెలిసినవాడు ఎలాగూ కమాండ్ కొట్టుకుంటాడు, తెలియనివాడి చేతికి దొరక్కుండా ఉంటాయి." మొన్న బెంగళూరు మారతహళ్లిలో టీ తాగుతూ మా జూనియర్ అన్నాడు. కడప కుర్రాడు, పని బాగా నేర్చుకుంటున్నాడు. ఈ ముక్క మాత్రం వాడి సొంతం కాదు. మా నెట్‌వర్క్ ఫీల్డ్‌లో సీనియర్లు చాలామంది ఇదే పాట పాడతారు. విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

బొమ్మసంద్రలో ఒక చిన్న ఫ్యాక్టరీకి నెట్‌వర్క్ చూస్తుంటాను. ఎండీ గారిది హిందూపురం. పోయినేడు ఒక శనివారం రాత్రి అక్కడి ఫైర్‌వాల్‌కి (ఆఫీసు నెట్‌వర్క్‌కీ ఇంటర్నెట్‌కీ మధ్య కాపలా కాసే పెట్టె) అప్‌డేట్ వేశా. ఆదివారం ప్రశాంతం. సోమవారం పొద్దున్నే ఫోన్: "ఏమయ్యా, మెయిల్ వస్తోంది గానీ డ్రాయింగులు దిగట్లేదు!" పింగ్ (లైన్ బతికుందో లేదో చూసే చిన్న పలకరింపు) కొడితే నిక్షేపంగా ఉంది. చిన్న పేజీలు తెరుచుకుంటున్నాయి. పెద్ద ఫైలు పెడితే నత్తనడక. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ దాటి అక్కడికి చేరేసరికే పదిన్నర. కేబుల్ మార్చా, స్విచ్ రీస్టార్ట్ చేశా, లైన్ ఇచ్చినవాళ్లతో గొడవపడ్డా (పాపం, వాళ్ల తప్పేం లేదు).

ఒంటిగంటకి, పెట్టెలన్నీ పెట్టిన ర్యాక్ తలుపు లోపలివైపు కనబడింది అసలు సంగతి. ఆయుధపూజకి పెట్టిన పసుపు, కుంకుమ బొట్లు, వాటి కింద సెల్లోటేపుతో అంటించిన చీటీ. సిరా వెలిసిపోయింది. రీబూట్ అయితే ఇది మళ్లీ కొట్టాలి అని ఇంగ్లిష్‌లో రాసి, కింద ఒక లైను కమాండ్. నాకు ముందు పనిచేసినాయన రాసిపెట్టి వెళ్లిపోయాడు. ఎల్‌ఆర్‌ఓ (లార్జ్ రిసీవ్ ఆఫ్‌లోడ్) ఆపే కమాండ్ అది. శనివారం అప్‌డేట్‌కి పెట్టె రీబూట్ అయి, అది కాస్తా ఎగిరిపోయిందన్నమాట.

నెట్‌వర్క్ కార్డు లోపలికొచ్చే చిన్న ప్యాకెట్లను (డేటా ముక్కలను) కలిపి ఒక పెద్ద ప్యాకెట్‌గా ప్రాసెసర్‌కి అందించడమే ఎల్‌ఆర్‌ఓ. సర్వర్‌కైతే మంచిదే, ప్రాసెసర్‌కి పని తగ్గుతుంది. కానీ ఫైర్‌వాల్ ఆ ప్యాకెట్‌ని తను తినదు, ముందుకి పంపాలి. 1500 బైట్లు పట్టే దారిలో అంత పెద్ద మూట దూరదు. పింగ్ చిన్నది కాబట్టి దానికేం కాదు, డౌన్‌లోడే చస్తుంది. చీటీ చూసి కమాండ్ కొట్టా. డ్రాయింగులు దిగాయి.

ఇప్పుడు చెప్పండి, ఆ సెట్టింగ్‌ని స్క్రీన్‌లో పెట్టకుండా ఎవరిని కాపాడినట్టు? పీఎఫ్‌సెన్స్ అనే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్‌లోనూ, 2015లో దాన్నుంచి విడిపోయిన ఓపీఎన్‌సెన్స్‌లోనూ ఇదే ఎల్‌ఆర్‌ఓకి టిక్కు పెట్టుకునే గడి ఉంది. అక్కడ పెట్టిన టిక్కు కాన్ఫిగ్ ఫైల్లోకి వెళ్తుంది, బ్యాకప్‌లో ఉంటుంది, రీబూట్ అయినా చెక్కుచెదరదు, రేపొచ్చే మనిషికి కూడా కనబడుతుంది. అదే అక్కడ తయారైన రూల్స్ ఫైలుని షెల్‌లోకి (కమాండ్లు కొట్టే తెర) వెళ్లి చేత్తో దిద్దారనుకోండి, రూల్స్ మళ్లీ తయారైన మరుక్షణం మీ దిద్దుబాటు గోవిందా. దాచిపెడితే రిస్కు పోదు, దాని ఆనవాళ్లు పోతాయంతే.

ఇక తెలియనివాడు ముట్టుకోడన్న మాట. ముట్టుకుంటాడండీ. ఎండీ గారు నెత్తిన నిలబడి "ఎంతసేపు?" అంటుంటే, నెట్‌లో దొరికిన కమాండ్‌ని కాపీ చేసి రూట్‌గా (అన్ని అధికారాలతో) పేస్ట్ చేస్తాడు. అక్కడ "నువ్వు రాసింది తప్పు" అనే ఎర్ర అక్షరాలు కూడా రావు. పోనీ కమాండ్ కొట్టే నిపుణులంతా జాగ్రత్తపరులా? 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్ దాదాపు ఆరు గంటలు పడిపోయింది మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక కమాండ్ వల్లే. అలాంటివి ఆపడానికి పెట్టుకున్న టూల్‌లోనే బగ్ ఉండి, ఆపలేకపోయింది.

అలాగని అన్నీ తెచ్చి మెనూలో కుమ్మరించమనట్లేదు. ఏది పడితే అది టైప్ చేసుకునే కస్టమ్ ఆప్షన్స్ గడులంటే నాకూ భయమే. ఓపీఎన్‌సెన్స్‌వాళ్లు అన్‌బౌండ్ (సైట్ల పేర్లకి అడ్రసులు వెతికిపెట్టే డీఎన్‌ఎస్ ప్రోగ్రామ్) పేజీలోంచి దాన్ని తీసేసినప్పుడు చాలామంది తిట్టుకున్నారు, నేను మాత్రం సరే అనుకున్నా. అక్కడ ఒక్క అక్షరం తప్పితే ఆఫీసు మొత్తానికి డీఎన్‌ఎస్ ఉండదు.

నాకు కావల్సింది వెనక్కి రావడానికి దారి. జునిపర్ కంపెనీ పెట్టెల్లో కమిట్ కన్ఫర్మ్‌డ్ అని ఉంటుంది. మార్పు చేశాక పది నిమిషాల్లో మీరు మళ్లీ కమిట్ (ఖాయం) చేయకపోతే పాత సెట్టింగులు వాటంతటవే వచ్చేస్తాయి. మైక్రోటిక్ రౌటర్లలో సేఫ్ మోడ్ ఉంది, మన కనెక్షన్ తెగితే మార్పులు రద్దు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రౌటర్ సాఫ్ట్‌వేర్ వెబ్ పేజీ కూడా అంతే, అప్లై నొక్కాక బ్రౌజర్ రౌటర్‌ని అందుకోలేకపోతే పాతదానికి తిప్పేస్తుంది. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌లో ఉన్నది, లక్షలు పోసి కొన్న పెట్టెలో ఎందుకు లేదు? "ఆర్ యు ష్యూర్?" అని ఒక పసుపురంగు హెచ్చరిక పడేసి చేతులు దులుపుకుంటారు. రాత్రి పదకొండింటికి ఎవడు ష్యూర్‌గా ఉంటాడు స్వామీ! ఒకసారి ఇంట్లో కూర్చుని వ్యాన్ (బయటి ఇంటర్నెట్ లైన్) సెట్టింగ్ మార్చి, నన్ను నేనే బయటికి గెంటుకుని, అర్ధరాత్రి బండేసుకుని బొమ్మసంద్రకి పోయినవాణ్ణి నేను.

ఇదంతా చెప్తే మా కుర్రాడు "అయితే కొత్త పెట్టె కొనిపించన్నా" అన్నాడు. అడిగాను కూడా. "పనిచేస్తోంది కదయ్యా" అన్నారు ఎండీ గారు. చీటీ మీద వెలిసిపోయిన అక్షరాలు మళ్లీ దిద్ది, తేదీ వేసి, కొత్త టేపు అంటించి వచ్చాను.