ఐసీయూ గడప దగ్గరే పట్టుకోవలసిన ఈస్ట్

టోక్యోలో ఒక వృద్ధురాలి చెవి స్రావంలో కనిపించిన ఈస్ట్‌కు 2009లో పరిశోధకులు క్యాండిడా ఆరిస్ అని పేరు పెట్టారు; లాటిన్‌లో ఆరిస్ అంటే చెవి. నాలుగేళ్లు తిరిగేసరికి ఢిల్లీ ఆసుపత్రుల్లో అదే ఈస్ట్ రోగుల రక్తంలోనే దొరికింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అత్యంత ప్రమాదకరమైన ఫంగస్‌ల వర్గంలో చేర్చింది.

చాలా ల్యాబుల్లో వాడుకలో ఉన్న జీవరసాయన పరీక్షలు ఏళ్ల తరబడి దీన్ని క్యాండిడా హెములోనీ అనే మరో ఈస్ట్ అని పొరబడ్డాయి. అంతకంటే పెద్ద చిక్కు సమయంతో వస్తుంది. జబ్బు లక్షణాలేవీ లేకుండానే చర్మం మీద ఈ ఈస్ట్‌ను మోస్తున్న రోగి చంకల నుంచి, గజ్జల నుంచి తీసిన స్వాబ్‌ను కల్చర్‌కు, అంటే ల్యాబులో పెంచి చూడటానికి, పెడితే, ఫలితం తేలడానికి ఒక్కోసారి రెండు వారాలు కూడా పట్టవచ్చు. ఆలోగా అది మంచం పట్టీలకు, బీపీ పట్టీలకు అంటుకుని పక్క రోగిని చేరుతుంది.

రియల్ టైమ్ పీసీఆర్ అనే డీఎన్ఏ పరీక్ష ఆ నిరీక్షణను కొన్ని గంటలకు కుదిస్తుంది. ఈ జాతికే ప్రత్యేకమైన డీఎన్ఏ భాగాన్ని, సాధారణంగా ఐటీఎస్2 అనే భాగాన్ని, యంత్రం ప్రతి ఆవృత్తిలోనూ దాదాపు రెట్టింపు చేస్తూ పోతుంది. పది ఆవృత్తులకు అది సుమారు వెయ్యి రెట్లవుతుంది. ఆ భాగానికి అతుక్కునే ప్రోబ్ అనే డీఎన్ఏ ముక్క వెలువరించే కాంతి ఎన్నో ఆవృత్తిలో నిర్ణీత గీత దాటిందో చూస్తే నమూనాలో ఈస్ట్ ఎంత ఉందో అంచనా దొరుకుతుంది. అయితే ఈస్ట్ గోడ గట్టిది. సన్నని పూసలతో కుదిపి దాన్ని పగలగొట్టకపోతే డీఎన్ఏ సరిగా బయటికి రాదు, ఉన్న ఈస్ట్ కూడా లేనట్టే కనిపిస్తుంది. పరీక్ష సరిగా నడిచిందో లేదో చెప్పే అంతర్గత నియంత్రణను ప్రతి నమూనాతోపాటు నడపని ల్యాబ్ ఇచ్చే నెగెటివ్‌ను నేను నమ్మను.

కల్చర్‌ను మానేయమని దీని అర్థం కాదు. చచ్చిన కణాల డీఎన్ఏను కూడా పీసీఆర్ పట్టుకుంటుంది, పైగా ఏ మందు పనిచేస్తుందో అది చెప్పదు. ఈ ఈస్ట్ రకాల్లో అత్యధికం ఫ్లూకనజోల్ అనే ఫంగస్ మందుకు లొంగవు కాబట్టి, పాజిటివ్ వచ్చిన ప్రతి నమూనానూ పెంచి మందులతో పరీక్షించి తీరాలి.

కోవిడ్ కాలంలో తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ ల్యాబులకు పీసీఆర్ యంత్రాలు వచ్చాయి, స్వాబులు పరీక్షించడం సిబ్బంది చేతులకు అలవాటైంది. ఇతర ఆసుపత్రుల ఐసీయూల నుంచి వచ్చే రోగులకు చేరిన రోజే ఈ పరీక్ష చేయాలి. సాయంత్రానికి పాజిటివ్ అని తేలితే ఆ రాత్రే రోగిని వేరు గదికి మార్చి, మంచాన్ని క్లోరిన్ ద్రావణంతో తుడిచే ఏర్పాటు కూడా వార్డులో సిద్ధంగా ఉండాలి.