ఫలానావారి తాలూకు ఎవరండీ?

ఆపరేషన్‌కు ముందు రోగికి చెప్పకుండా హెచ్‌ఐవీ పరీక్ష చేస్తున్నారని మన నర్సింగ్‌హోముల మీద కొందరు ఊరికే నోరు పారేసుకుంటున్నారు. 2017లో పార్లమెంటు చేసి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి తెచ్చిన హెచ్‌ఐవీ-ఎయిడ్స్ చట్టాన్ని మన యాజమాన్యాలు ఎంత దగ్గరిదారిలో పాటిస్తున్నాయో వీళ్లకు తెలియదు.

సమ్మతి సంగతే చూడండి. పరీక్ష ఎందుకో, ఫలితం వస్తే ఏమవుతుందో రోగికి అర్థమయ్యే భాషలో ముందే చెప్పి, ఒత్తిడి లేకుండా ఒప్పుకోలు తీసుకోవాలంటుంది చట్టం. దానికి కౌన్సెలర్ కావాలి, తలుపున్న గది కావాలి, పావుగంట కావాలి. అడ్మిషన్ కౌంటర్లో ఇవేవీ లేకుండానే పనైపోతుంది. నాలుగు పేజీల ఇంగ్లిషు కాగితం, మూడో పేజీ అడుగున ‘అవసరమైన అన్ని పరీక్షలకూ సమ్మతిస్తున్నాను’ అనే ఒక్క వాక్యం, ఇంటూ మార్కు పెట్టిన చోట సంతకం. హెర్నియా నొప్పితో మెలికలు తిరిగే మనిషిని కూచోబెట్టి అదంతా చదివించాలనేవాడు రోగి మేలు కోరేవాడు కాడు. సంతకం రానివాళ్లకు స్టాంప్ ప్యాడ్ ఉండనే ఉంది. ఇంకా అనుమానముంటే బిల్లు చూసుకోవచ్చు, హెచ్‌ఐవీలాంటి వైరస్ పరీక్షలన్నీ కలిపి ‘వైరల్ మార్కర్స్’ అని ఉంటుంది. డబ్బు కట్టాడంటే తెలిసి ఒప్పుకున్నట్టేగా.

తర్వాత పరీక్ష. కిట్టులోని కార్డు మీద ఒక చుక్క సీరం (రక్తంలోంచి వేరుచేసిన ద్రవం), దానిపై బఫర్ అనే ద్రావణం, పావుగంట. కిట్టు పనిచేస్తోందని చెప్పే కంట్రోల్ గీతతోపాటు రెండో గీత పడితే ‘రియాక్టివ్’, అంటే హెచ్‌ఐవీ ఉండొచ్చని. ప్రభుత్వ హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రాల్లో (ఐసీటీసీల్లో) మాత్రం ఇంత తేలిగ్గా వదలరు. లక్షణాలు లేని మనిషికి మొదటి కిట్టు రియాక్టివ్ వస్తే వేరే రకం కిట్లతో మరో రెండుసార్లు చేస్తారు. మూడూ కలిస్తేనే పాజిటివ్ అంటారు. వాళ్ల చాదస్తానికి ఒక లెక్క ఉంది. దేశంలో పెద్దల్లో హెచ్‌ఐవీ ఉన్నవారు సుమారు 0.2 శాతం, అంటే వెయ్యికి ఇద్దరు. కిట్టు నూటికి ఒకరి విషయంలో పొరబడుతుందనుకున్నా, మిగిలిన 998 మందిలో పదిమంది దాకా ఏ జబ్బూ లేకుండానే రియాక్టివ్ అవుతారు. ఒక్క కిట్టు పట్టిచ్చిన 12 మందిలో నిజం ఇద్దరిదే. చాలా కిట్లను 30 డిగ్రీలు దాటని చోట ఉంచాలి. మే నెల రామగుండంలో ఏసీ లేని ల్యాబులో ఆ నియమం తనంతట తనే కరిగిపోతుంది. టెక్నీషియన్ భోజనం చేసొచ్చి గంట తర్వాత చదివితే లేని గీత కూడా కనబడొచ్చు. దానికి విడిగా ఛార్జీ వేయరు.

ఇక గోప్యత. ఇందులో మనవాళ్ల పట్టుదలను మెచ్చుకోవాలి: ఫలితాన్ని రోగి దగ్గర ప్రాణం పోయినా బయటపెట్టరు. ల్యాబు కిటికీలోంచి ‘ఫలానావారి తాలూకు ఎవరండీ?’ అని కేక వినబడుతుంది. బావమరిది లేచి వెళ్తాడు. చేతికి కవరు, చెవికి మాట. కేస్ షీటు అట్ట మీద ఎర్ర స్కెచ్‌పెన్నుతో ‘రెట్రో పాజిటివ్’ అని రాస్తారు, హెచ్‌ఐవీకి ఆసుపత్రి ముద్దుపేరు అది. మర్యాదస్తులైతే ఒక ఎర్ర చుక్క పెట్టి ఊరుకుంటారు. ఆ చుక్క అర్థం ఆయాకు తెలుసు, వార్డుబాయ్‌కు తెలుసు, సాయంత్రానికి పక్క మంచం మీది ముసలమ్మకూ తెలుస్తుంది. ఇంటిగుట్టు లంకకు చేటన్నారు పెద్దలు. అందుకే గుట్టును ఇంట్లో ఉండనివ్వకుండా ఆసుపత్రే తీసేసుకుంది.

మర్నాటికి ఆపరేషన్ థియేటర్లో ఏసీ పాడవుతుంది. మత్తు డాక్టరుగారు దొరకరు. ‘పెద్దాసుపత్రికి వెళ్తే అన్ని సౌకర్యాలూ ఉంటాయండీ’ అంటూ చీటీ రాసిస్తారు, అందులో కారణం ఉండదు. హెచ్‌ఐవీ ఉందని వైద్యం నిరాకరించకూడదు, నిజమే, ఇక్కడ నిరాకరించిందెవరు? మంచి చోటికి పంపారంతే. ఉంచుకునే పెద్దమనసున్న చోట బిల్లులో ‘స్పెషల్ కిట్’ అని మరో వరస చేరుతుంది: రెండు జతల గ్లౌజులు, కళ్లద్దాలు, ప్లాస్టిక్ ఏప్రాన్. ఎవరి రక్తంలో ఏముందో తెలియదు కాబట్టి రక్తం చిందే ఏ ఆపరేషన్‌లోనైనా ఇలాంటి రక్షణ ఉండాలని నర్సింగ్ మొదటి ఏడాదిలోనే చెబుతారు. పరీక్ష పాసయ్యాక అదెవరికి గుర్తుంటుంది.

మరి సిబ్బంది ప్రాణాల మాటేమిటంటారా? వైరస్ సోకిన కొత్తల్లో, రక్తంలో అది దండిగా ఉన్న కొన్ని వారాలపాటు ఈ కార్డుకు ఏమీ కనబడదు. ‘నాన్-రియాక్టివ్’ కాగితం చూసుకుని ఒంటి జత గ్లౌజులతో దిగే సర్జన్‌గారి ధైర్యం అందుకే సామాన్యమైంది కాదు. ఏళ్లుగా హెచ్‌ఐవీ మాత్రలు మింగుతూ, వైరస్ లెక్కకు అందనంత తగ్గినాయన్ని చూస్తే మాత్రం ఆ ధైర్యం జారిపోతుంది. హెచ్‌ఐవీ రక్తం అంటిన సూది గుచ్చుకుంటే సోకే అవకాశం సుమారు 0.3 శాతం, అదే హెపటైటిస్ బి అయితే, టీకా లేనివాళ్లకు 6 నుంచి 30 శాతం. టీకా మూడు డోసులు: ఇవాళ, నెలకు, ఆరో నెలకు. చెత్తబుట్టలోంచి సూదులు ఏరే ఆయాకు అది వేయించారా అని అడక్కండి, ఆమె కాంట్రాక్టు ఏజెన్సీ మనిషి. గుచ్చుకున్న వేలిని పిండకుండా సబ్బునీళ్లతో కడిగి, వీలైతే 2 గంటల్లో, ఎట్టి పరిస్థితుల్లోనూ 72 గంటలు దాటకుండా హెచ్‌ఐవీ సోకకుండా ఆపే పీఈపీ మాత్రలు మొదలెట్టి 28 రోజులు వాడాలి. ఆ మాత్రలు ఏ అలమారలో ఉంటాయో రాత్రి డ్యూటీ సిస్టరుకు తెలియదు. ఎర్ర స్కెచ్‌పెన్ను ఎక్కడుందో తెలుసు.

పెళ్లికి ముందు ఈ పరీక్ష నిర్బంధం చేయాలనే మేధావులకు అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం ఆదర్శం. 1988లో అక్కడ చేశారు. మొదటి ఆరునెలల్లో 70,846 మందిని పరీక్షిస్తే ఎనిమిదిమంది దొరికారు. జంటలు పక్క రాష్ట్రాలకెళ్లి ఉంగరాలు మార్చుకున్నాయి, మరుసటేడు చట్టాన్నే ఎత్తేశారు. మనకూ కర్ణాటక దగ్గరే.

ఉద్యోగానికి ఈ పరీక్ష షరతు కాకూడదనీ మన చట్టంలో ఉంది. రాయచోటి నుంచి కువైట్ వెళ్లేవాడికి మాత్రం ఆ వాక్యం మెడికల్ సెంటర్ గుమ్మం దగ్గర ఆగిపోతుంది. లోపల ‘ఫిట్’, ‘అన్‌ఫిట్’ అనే రెండే మాటలు. ఫలితం తర్వాత ఇవ్వాల్సిన కౌన్సెలింగ్ ఏజెంటే ఇస్తాడు: ‘పాస్‌పోర్టు తీసుకుని ఇంటికెళ్లు.’

20 మంది, ఆపైన పనిచేసే ఆసుపత్రిలో ఫిర్యాదుల అధికారిని పెట్టాలని కూడా చట్టంలో రాశారు. హాజరుపట్టీలో 19 పేర్లుంచి మిగతావాళ్లను ఏజెన్సీ కింద చూపిస్తే ఆ బెడదా ఉండదు. ఆయా ఎలాగూ ఆ లెక్కలోనే ఉంది.