బాలమురళి కృతులు ఎవరు పాడుతున్నారు?

ఏటా జూలై 6 వచ్చిందంటే ఫోన్ల నిండా మంగళంపల్లి బాలమురళీకృష్ణే, ఆయన పుట్టినరోజు కదా. ‘మౌనమే నీ భాష’ ఒకరు పంపిస్తారు, ‘ఏమి సేతురా లింగా’ ఇంకొకరు. కింద ‘అలాంటి గొంతు మళ్లీ పుట్టదు’ అని పదిమంది రాస్తారు. పుట్టదు, ఒప్పుకుంటాను. కానీ ఆ గొంతును తలుచుకునే హడావుడిలో ఆయన రాసినదాన్ని గాలికొదిలేశాం. నా లెక్కలో బాలమురళి ముందు వాగ్గేయకారుడు, అంటే మాటా బాణీ రెండూ తానే కట్టినవాడు, ఆ తర్వాతే గాయకుడు. 400 దాకా రచనలు చేసిన మనిషి. అందులో ఇవాళ మిగతా విద్వాంసులు పాడుతున్నవి ఎన్ని? కొన్ని తిల్లానాలు, అంటే జతుల మీద నడిచే హుషారు పాటలు. అవీ కచేరీ చివర్లో, జనం చెప్పులు వెతుక్కోవడం మొదలయ్యాక.

శంకరగుప్తంలో పుట్టుక, పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి శిష్యరికం, ఎనిమిదో ఏట విజయవాడలో కచేరీ, హరికథకులు ముసునూరి వారు పేరుకు ముందు ‘బాల’ చేర్చడం... ఇవన్నీ అందరికీ తెలిసినవే. నన్ను ఆపేసేది ఆ తర్వాతి సంగతి. పదహారేళ్లు వచ్చేసరికి, మిగతా రాగాలకు తల్లులైన 72 మేళకర్త (జనక) రాగాల్లోనూ కృతులు కట్టేశారు. 1952లో అవి ‘జనకరాగ కృతి మంజరి’గా అచ్చయ్యాయి. ఆ 72లో 40 వివాది మేళాలు, అంటే పక్కపక్క స్వరాలకు పొసగని రాగాలు. మొదటిదైన కనకాంగిలోనే రిషభం (రి), గాంధారం (గ) ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. దోషం తగులుతుందని పెద్ద పెద్దవాళ్లే వాటి జోలికి వెళ్లడానికి జంకేవారు. మీసాలు సరిగా రాని కుర్రాడు ఒక్కో దానికీ ఒక కృతి కట్టి కూర్చున్నాడు.

ఆయన అసలు సత్తా మాత్రం నాకు ఆయన తెచ్చిన లవంగి రాగంలో కనిపిస్తుంది. స, రి, మ, ధ. అంతే, నాలుగే స్వరాలు. షడ్జమాన్ని (స) ఆనుకునే శుద్ధ రిషభం, అక్కణ్ణించి మధ్యమానికి (మ) ఒక గెంతు, అక్కణ్ణించి ధైవతానికి (ధ) ఇంకో గెంతు. పంచమం (ప) లేదు. పాడేవాడికి మధ్యలో ఊపిరి పీల్చుకునే అరుగు లాంటిది పంచమం, దాన్ని తీసేశారు. నిషాదం (ని) కూడా లేదు కాబట్టి పై షడ్జమానికి మెట్టు లేకుండా ఎక్కాలి. ఆ రాగంలో ఆయన కృతి ‘ఓంకారాకారిణి’ వినండి. స్వరాలు తక్కువయ్యాయన్న సంగతి మీకు గుర్తే రాదు. ఉన్న నాలుగింటినీ ఏ స్వరం మీద ఎంతసేపు నిలపాలో, దేన్ని ఊరికే తాకి వదిలేయాలో తెలిసిన చెయ్యి అది. ఆయనదే మహతి రాగం, అది ఇంకో దారి. స, గ, ప, ని. అక్కడ దాదాపు ప్రతి అడుగూ పెద్దదే, అయినా పాట ఎక్కడా తూలదు. సర్వశ్రీ, ఓంకారి, గణపతి రాగాల్లో ఇక మూడే మిగిల్చారు.

అయిదు స్వరాలైనా లేనిది రాగమే కాదని సంప్రదాయవాదుల వాదన. రాగాలను తానే సృష్టించానని బాలమురళి చెప్పుకోవడం తప్పని వైణికుడు వీణ ఎస్. బాలచందర్ 1980ల్లో పెద్ద యుద్ధమే చేశారు. సృష్టించారా, కనుక్కున్నారా అన్న పేచీ నాకు పట్టదు. కానీ ఆ అయిదు స్వరాల లెక్క చూపించి నోరు మూయించాలనుకుంటే ముందు త్యాగయ్య గారికి జవాబు చెప్పాలి. ‘నిను వినా నా మదెందు’ ఏ రాగం? నవరసకన్నడ. దాని ఆరోహణలో, అంటే పైకి ఎక్కే వరుసలో, ఉన్నవి స, గ, మ, ప. నాలుగే! త్యాగయ్య చేస్తే అపూర్వం, బాలమురళి చేస్తే అపచారమా?

ఆమధ్య ఒక సంగీత పోటీకి వెళ్లాను. ఇరవై మంది పిల్లల్లో పద్దెనిమిది మంది త్యాగరాజ కృతులే పాడారు. ఒకమ్మాయి మహతిలో కృతి నేర్చుకుని వచ్చింది. స్టేజీ ఎక్కే ముందు వాళ్ల టీచరమ్మ ఆ పిల్ల చెవిలో, “అది వద్దమ్మా, జడ్జీలు మార్కులెయ్యరు, త్యాగయ్య గారి బంటురీతి పాడెయ్” అంది. ఆ పిల్ల బంటురీతే పాడింది. రెండో బహుమతి వచ్చింది.

టీచరమ్మను అని లాభం లేదు. 1847లో త్యాగయ్య పోవడంతో తెలుగు పాట పుట్టడం ఆగిపోయిందని మనమే తీర్మానించుకున్నాం. భాష కూడా ఆ కాలం దగ్గరే నిలిచిపోయింది. చెన్నైలో కూర్చున్న తమిళ శ్రోత తెలుగు కృతిని అర్థం తెలియకుండా వింటాడని నవ్వుతాం కదా, డల్లాస్‌లో పాఠం చెప్పించుకుంటున్న మన పిల్లలకు మాత్రం ఏ ముక్క అర్థమవుతోంది? వాళ్లు పుట్టడానికి కాస్త ముందు, వాళ్ల తాతగారి కాలంలో, అదే భాషలో ఒక మనిషి కృతులు రాశాడని చెప్పేవాళ్లేరి? కొత్త నవల రాకపోతే సాహిత్యం చచ్చిపోయిందని గోల పెట్టే మేధావులు కొత్త కృతి గురించి ఒక్క మాటైనా మాట్లాడరు. ఏడాదికో అవార్డు ఇచ్చి, ఓ విగ్రహానికి దండేసి చేతులు దులుపుకోవడం ప్రభుత్వాలకు అలవాటే.

విజయవాడ సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ ఆయనే. కనీసం రెండు రాష్ట్రాల సంగీత కళాశాలల్లోనైనా ఏడాదికి రెండు జనకరాగ కృతులు తప్పనిసరి చేయండి. కచేరీలు పెట్టించే సంగీత సభలవాళ్లు ప్రతి కచేరీలో 1950 తర్వాతి కృతి ఒకటి ఉండాలని షరతు పెట్టండి. చివర్లో కాదు, పక్కవాద్యాలకు చేతినిండా పని ఉన్నప్పుడు, మధ్యలో.